శుక్రవారం పూలు

“ఆ సంచీలో ఏముందమ్మాయ్?”

జయంతి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. వాకింగ్ బూట్లతో, తలకి మఫ్లర్ చుట్టుకుని లక్ష్మీకాంతం ఆంటీ నిలబడి ఉంది. ఈ మధ్య ఈ అమెరికా ఊరు అరోరాలో జయంతిని చూసి మొహం తిప్పుకోకుండా పలకరించే తెలుగు మనిషి ఆవిడ ఒక్కతే.

“పూజ పూలు ఆంటీ. నదిలో కలుపుదామని.”

“ఇంకా మానలేదా ఈ పని? ఆ పూల వల్లే కదే నీ కొంప మునిగింది!”

ఆ మాట నిజమే. జయంతి పనిచేసిన రాధారాణి గారి నగల కొట్టులో ప్రతి శుక్రవారం లక్ష్మీదేవి పటానికి పూజ చేస్తారు. కొత్తగా వచ్చిన నగని పగలంతా అమ్మవారి పాదాల దగ్గర ఉంచి, చామంతులతో కప్పి, సాయంత్రం తీసి షోకేసులో పెడతారు. వాడిన పూలు చెత్తలో పడేస్తే మహాపాపమని రాధారాణి వాటిని స్వయంగా సంచీలోకి ఎత్తి, ఎర్ర దారంతో ముడి వేసి జయంతి చేతికిచ్చేది. జయంతి ఇల్లు ఫాక్స్ నది పక్కనే మరి. జనవరిలో ఒక శుక్రవారం కూడా అలాగే ఇచ్చింది. మర్నాడు చూస్తే, ఆ పూజలో పెట్టిన కెంపుల హారం షోకేసులో లేదు.

“తన చేత్తోనే షోకేసులో పెట్టానని ఒట్టేసి మరీ చెబుతోందటగా రాధారాణి?”

“అవునాంటీ. పూజ మూలన కెమెరా లేదు, షోకేసు వైపుదేమో పనిచేయట్లేదు. గుమ్మం దగ్గర కెమెరాలో నేను సంచీతో బయటికి వెళ్ళడం ఒక్కటే పడింది.”

“పోలీసులు ప్రూఫ్ లేదన్నారటగా?”

“వాళ్ళు ప్రూఫ్ లేదన్నారు. ఈవిడ ఉద్యోగం లేదంది.”

ఉద్యోగం పోతే పోయింది, పేరు పోయింది. అదీ జయంతి ఏడుపు. మొన్న ఒకరింటికి పేరంటానికి వెళితే సోఫా మీదున్న హ్యాండ్‌బ్యాగులన్నీ ఒక్కసారిగా ఒళ్ళలోకి చేరాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తాంబూలం కూడా తీసుకోకుండా వచ్చేసింది. డే కేర్‌లో దొరుకుతుందనుకున్న పని ఎవరో చేసిన ఒక్క ఫోన్ కాల్‌తో ఆగిపోయింది. కూతురు దేదీప్యని డాన్స్ క్లాసుకి తీసుకెళ్ళేవాళ్ళకి హఠాత్తుగా కారులో చోటు లేకుండా పోయింది. “అమ్మా, డిడ్ యూ టేక్ ఇట్?” అని ఆ పిల్ల అడిగిన రోజు జయంతి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి మరీ ఏడ్చింది.

“బెంగపడకు,” అంది ఆంటీ భుజం తట్టి. “కొట్టులోనే ఏ సందులోనో దొరుకుతుంది చూడు. రాధారాణే వచ్చి నీ చేతులు పట్టుకుంటుంది.”

“కొట్టులో కాకుండా ఇంకెక్కడైనా దొరికితే?”

“ఇంకెక్కడ దొరుకుతుందే? దొంగ ఇంట్లోనేగా!” ఆంటీ నవ్వింది. “అలా అయితే మరీ మంచిది. ఆ దొంగమొహం ఎవరిదో ఊరందరికీ తెలుస్తుంది.”

జయంతి నవ్వలేదు. చేతిలో సంచీని ఒంటికి దగ్గరగా పట్టుకుంది.

“నేను మాత్రం అందరితో ఒకటే మాట చెబుతున్నా. జయంతి అబద్ధం ఆడే మనిషి కాదు. పూలు ఆ సాయంత్రమే నదిలో కలిపానందంటే కలిపినట్టే. అంతే కదా?”

“అంతే ఆంటీ.”

ఆవిడ చేయి ఊపి, కాలిబాట మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

జయంతి చెప్పింది అబద్ధం. ఆ సాయంత్రం నది గడ్డకట్టుకుపోయి ఉంది. మంచు కరిగాక కలపొచ్చులే అని సంచీని గరాజ్‌లో చెప్పుల స్టాండు పైనున్న మేకుకి తగిలించింది. మర్నాడు పొద్దున్నే రాధారాణి ఫోన్ చేసి, “పూలు కలిపేశావా?” అని అడిగింది. అమ్మవారి పూలు చెప్పుల స్టాండు మీద వేలాడుతున్నాయంటే నొచ్చుకుంటుందని “కలిపేశానండీ” అనేసింది. ఆ మధ్యాహ్నమే పోలీసు వచ్చి అడిగాడు. రాధారాణి పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ముందు మాట మార్చలేక అదే చెప్పి సంతకం పెట్టింది. ఆ తర్వాత పడిన గొడవలో సంచీ సంగతే మరిచిపోయింది.

ఈ ఉదయం గరాజ్ సర్దుతూ పవన్ దాన్ని తీసి చూపించాడు. “ఏంటిది జయా, పారేయనా?”

“వద్దు. నేను చూసుకుంటాను,” అని భర్త చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

రాధారాణి వేసిన ఎర్ర దారం ముడి ఇంకా బిగిసే ఉంది. పవన్ ఆఫీస్‌కి వెళ్ళాక జయంతి దాన్ని విప్పింది. కాసేపటికి మళ్ళీ వేసింది. ఆ తర్వాత వంటింటి జోలికి కూడా పోకుండా తిన్నగా ఇక్కడికి వచ్చింది.

నది నిండుగా పారుతోంది. గట్టు మీద ఎవరూ లేరు. జయంతి నీళ్ళ అంచుకి దిగి, ముడి విప్పి కళ్ళు మూసుకుంది.

“నేను దొంగని కానని నీ ఒక్కదానికే తెలుసు తల్లీ,” అని సంచీ బోర్లించింది.

పూలు తేలాయి, హారం మునిగింది.