కొట్టెయ్యమన్న మాట

"ఈ మాట నేననను," అంటూ డియర్మిడ్ కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

గాల్వే ఊళ్లో ఒక పబ్బు పైన నలభై కుర్చీల మా నాటకశాల ఆయన పెట్టిందే. ఊళ్లో కొత్తగా రాసేవాళ్లందరికీ ఆయనే గురువు. ఇప్పుడు ఆ నాటకశాలను నేను నడుపుతున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని పిలిచి నా నాటకంలో వేషమిచ్చానని అందరూ మెచ్చుకుంటున్నారు.

"ఏ మాట?" అన్నాను.

కళ్లజోడు సవరించుకుని చదివాడు. "'నీ రాత కూడా చేపల కంపే. పోయి మీ అమ్మ పక్కన కూర్చుని పొలుసులు గీక్కో.' పందొమ్మిదేళ్ల పిల్ల మొదటి నాటకం రాసి తెస్తే, అందరి ముందూ ఇలా ఎవడంటాడు గ్రాన్యా? జనం నమ్మరు. కొట్టెయ్."

"ఒకాయన అన్నాడు."

"ఎవడా పశువు?"

నిజంగానే అడుగుతున్నాడు. ఆ మొహంలో ఎక్కడా తడబాటు లేదు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి ఆ వాక్యం మీద పెట్టాడు.

పెన్సిలు లాగేసుకున్నాను.

"ముందు వరుసలో మా అమ్మకు కుర్చీ వేయించాను. చేపల దుకాణం మూసేసి రోజూ వస్తుంది. ముప్పై ఆటలూ ఆవిడ కళ్లలోకి చూస్తూ ఈ మాట అనండి. ఆ పశువెవడో మీకే గుర్తొస్తాడు."