గోడ లేని ఊరి తలుపు

...అసలు గోడే లేని ఊరికి తలుపెక్కణ్నుంచి వస్తుంది? ఆ లేని తలుపు తీసి శత్రువుల్ని లోపలికి రానిచ్చాడట ద్రోహి. మొన్న డ్రైనేజీ కోసం ఊరంతా తవ్వి పోశారు. ఒక్క పునాదిరాయి తగల్లేదు. అయినా ఏటా అదే కథ, అదే పండగ, అదే ఉమ్మి.

చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారు జనంలో నిలబడి ముక్కు మూసుకున్నాడు.

కూడలి మధ్యలో ద్రోహి గడ్డి బొమ్మ. గుడ్డ ముఖం, రంగుతో గీసిన కళ్ళు. వరసలో వచ్చినవాళ్ళు వచ్చినట్టు దాని మీద ఉమ్మి, మూతి తుడుచుకుని నవ్వుకుంటూ పోతున్నారు. రంగు కరిగి కళ్ళు బుగ్గల మీదికి జారాయి. ఒక తల్లి చంకలో బిడ్డ గడ్డం పట్టుకుని "తుపుక్కనాలమ్మా, తుపుక్" అని నేర్పుతోంది. బిడ్డ చొంగ కార్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు మురిసిపోయారు.

మాస్టారు చూపు పక్కకి తిప్పుకున్నాడు.

నానమ్మ గుర్తొచ్చింది. పండగనాడు ఆవిడ తలనొప్పని చెప్పి కిటికీలన్నీ మూసుకుని పడుకునేది. నాన్న మాత్రం అందరికంటే ముందొచ్చి, అందరికంటే గట్టిగా ఉమ్మేవాడు. ఇంటికెళ్ళాక చాలాసేపు నోరు పుక్కిలిస్తూ ఉండిపోయేవాడు.

"ఏం మాస్టారూ, పక్కకి నిలబడ్డారు?" అన్నాడు దర్జీ, గొంతు గరగరలాడిస్తూ. "నేనైతే పొద్దుట్నుంచీ కూడబెడుతున్నా."

"వినబడుతూనే ఉంది. కాస్త అటు తిరిగి మాట్లాడవయ్యా."

భార్య అతని మోచెయ్యి గిల్లింది. "మీకు మైకిస్తారట. అందరూ చెప్పేదే చెప్పి దిగిపోండి. మీ పరిశోధన ఇంటికొచ్చి చెబుదురుగాని, నేను వింటాను. రేపు ఈ వీధిలోనే కదా మనం బతకాలి!"

ఏళ్ళ తరబడి వింటూనే ఉంది పాపం. కానీ వినాల్సింది ఊరు. ఈసారి నోరు విప్పకపోతే తను ఇంకెప్పటికీ విప్పలేడని అతనికి తెలుసు.

కమిటీ ప్రెసిడెంటు పిలిచాడు. "మన పండగ పుట్టుక గురించి మాస్టారు రెండు ముక్కలు చెప్పి, తమ వంతు కానిస్తారు."

అతను మైకందుకున్నాడు.

"ఆయన ద్రోహి కాదు, డాక్టరు. ఊళ్ళో కలరా వచ్చినప్పుడు ఆ నీళ్ళు తాగొద్దని బావులు మూయించాడు. జనం దాహానికి తాళలేక తిరగబడి కొట్టి చంపారు. మూసిన బావుల వల్లే కలరా తగ్గిందని ఆ తర్వాత తెలిసింది. చేసిన పని గొంతు దిగక, శత్రువుల్నీ తలుపునీ కల్పించుకున్నారు. మూసిన బావులు ఇప్పటికీ మీ పెరళ్ళలోనే ఉన్నాయి. వెళ్ళి చూసుకోండి."

చప్పట్లు లేవు. చిన్న గొణుగుడు లేచి పెద్దదైంది. ముందు వరస ఒక అడుగు దగ్గరికి జరిగింది.

"ఇంతలా వెనకేసుకొస్తున్నారేంటి మాస్టారూ?" దర్జీ అరిచాడు. "వాడు మీకేమన్నా మేనమామా?"

కూడలి పగలబడి నవ్వింది. ప్రెసిడెంటు కూడా పొట్ట పట్టుకున్నాడు. భార్య నవ్వలేదు. నవ్వుతూనే అందరూ అతని నోటి వంక చూస్తున్నారు.

"ఛ, ఛ. నాకేమవుతాడు?" అన్నాడు అతను. మైకులో ఆ గొంతు అచ్చం నాన్న గొంతులా వినబడింది.

వరసలో ముందున్నవాళ్ళు మర్యాదగా దారిచ్చారు. అతని నోరు ఎండిపోయింది. నాలుకతో బుగ్గలన్నీ తడిమి, ఉన్న కాస్త తడినీ కూడగట్టుకున్నాడు.

బొమ్మ ముందు ఆగి, జారిపోయిన ఆ కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, తన ముత్తాత ముఖం మీద ఉమ్మాడు.