ఐదడుగుల లోతు

రజిత ఈతకొలనులోంచి తల పైకెత్తి దగ్గింది. ముక్కులోకి పోయిన నీళ్లు నడినెత్తి దాకా మండించాయి. గట్టు మీద నిలబడ్డ కోచ్ హనీఫా తల అడ్డంగా ఊపింది.

"మళ్ల ఊపిరి బిగవట్టినవ్ రజితక్కా. బిగవడితే నీళ్లు ముక్కులకు రాక ఏడికి పోతయ్?"

"ముక్కు క్లిప్పు ఇయ్యరాదు హనీఫా. అది పెట్టుకుంటే మునుగుత."

"క్లిప్పు పెట్టుకునే కదా ముక్కుపుల్ల పోగొట్టుకున్నవ్!"

సోమవారం క్లిప్పు ఒత్తుతోందని రజిత ముక్కుపుడక తీసి ఈత టోపీ అంచు మడతలో దోపింది. బయటికొచ్చి చూసుకుంటే మడతలో లేదు. కొలను నేల వాలుగా ఉంటుంది కాబట్టి ఏది పడ్డా జారి ఐదడుగుల దగ్గర ఆగుతుందని హనీఫా చెప్పింది. తనే దిగి తీసిచ్చేది. కానీ ఆమెకు చెవి ఆపరేషన్ అయి నెల కాలేదు. తల తడపొద్దని డాక్టరు చెప్పాడు.

"రేపు మోటరు పెట్టి అడుగున చెత్తంత గుంజుతరు. ఇయ్యాల దొరకకుంటే ఇగ పోయినట్టే. ఈత వచ్చినోళ్లకు ఎవరికన్న చెప్పనా?"

"వద్దు వద్దు! బ్యాచ్‌ల రాజ్యమక్క మా గల్లీల ఉంటది. పొద్దుగూకేసరికి మా అత్తమ్మ చెవిల పడ్తది."

ఇంట్లో రజిత యోగాకు వెళ్తున్నట్టు లెక్క. ఓసారి కార్ఖానా రోడ్డు మీద ఆటోలో పోతూ ఈ కొలను ముందున్న 'ఆడవారికి ప్రత్యేక శిక్షణ' బోర్డు చూసి అత్త విజయమ్మ మొహం చిట్లించింది. "ఆడోళ్లు నీళ్లల్ల దుంకుడేందీ, గిట్ల?" అంది. ఈత సంగతి ఎత్తబోయిన రజిత ఆ మాట విని యోగా అంది.

పోయింది అల్లాటప్పా పుడక కాదు. విజయమ్మ తన గొలుసు చెరిపించి, రెజిమెంటల్ బజార్ కంసాలి బ్రహ్మచారి దగ్గర ఎర్రరాయి పుడకలు చేయించింది. తనకొకటి, కోడలికొకటి. పెళ్లిరోజున తన చేత్తో రజితకు పెట్టి, "నా కొడుకు సల్లగుండాలె బిడ్డా. దీన్ని ఎన్నడు తియ్యకు," అంది.

సోమవారం నుంచీ రజిత ముక్కుకు ఎర్రటి బొట్టుబిళ్ల అంటించుకుని తిరుగుతోంది. అదృష్టం కొద్దీ విజయమ్మకు అప్పుడే జలుబు చేసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నీకూ అంటుకుంటుందంటూ కోడలి దగ్గరికి రావడం లేదు. మొహం చూసి మాట్లాడటమే లేదు. ఆ జలుబు ఎన్నాళ్లుంటుంది?

"ఇంకో ముచ్చట అక్కా," అంది హనీఫా. "సాయంత్రం బ్యాచ్‌ల ఒక పెద్దమ్మ ఉంది. మోకాళ్ల నొప్పులని చేరింది. రెండు మూడు దినాల సంది ఐదడుగుల కాడనే మునుగుతాంది. ఏం దేవులాడుతున్నవమ్మా అంటే, ప్రాక్టీస్ అంటది."

రజిత గట్టు దగ్గరికి వచ్చింది. "ఆమెకు దొరికిందంటవా?"

"కండ్లద్దాలు లేకుంటే ఆమెకు ఏం ఆనది. కాని చేతికి తగులుతే?"

"ఇస్తదా మరి?"

"నాకేం ఎరుక? నువ్వే ముందుగాల తీసుకో. జెర నా మాట ఇను. పెదాలు మూసి 'మ్' అని రాగం తియ్యి. గాలి ముక్కుల నుంచి బయటికి పోతుంటే నీళ్లు లోపలికెట్ల వస్తయ్? రాగం అయిపోంగనే పైకి రా. ఆ పెద్దమ్మ మంగళారతి పాట తీస్తది, చుక్క నీళ్లు పోవు. జలుబుంటే మాత్రం రాదు. ముక్కు సాఫుండాలె."

రజిత కళ్లద్దాలు సర్దుకుంది. పెదాలు బిగించి రాగం అందుకుని మునిగింది. ముక్కు దగ్గర బుడగలు లేచాయి. మంట లేదు. పైకొచ్చి మళ్లీ మునిగింది. ఈసారి నేల మీది పలకలు కనిపించాయి. ఇంకోసారి మునిగినప్పుడు, నీళ్లు బయటికి పోయే జాలీ పక్కన, పలకల సందులో ఎర్రగా మెరిసింది.

పైకొచ్చి గుప్పిట తెరిచింది. ఎర్రరాయి పుడక.

"మిల్‌గయా!" అని హనీఫా గట్టు మీదే చప్పట్లు కొట్టింది. రజిత ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియలేదు. అక్కడికక్కడే బొట్టుబిళ్ల పీకి పుడక పెట్టుకుంది.

ఇంటి కింద విజయమ్మ ఎదురుపడింది. చేతిలో కూరగాయల సంచి, ముక్కు మీద కొంగు. మెట్ల పిట్టగోడ పట్టుకోకుండా మూడంతస్తులూ రజిత కంటే ముందు ఎక్కింది.

"మోకాళ్లు తగ్గినయా అత్తమ్మా?"

"సాయంత్రం భజనకు పోతున్న కద. దేవుని దయ," అంది విజయమ్మ వెనక్కి తిరగకుండా.

వంటింట్లోంచి కూనిరాగం మొదలైంది. రజిత వెనక బాల్కనీలోకి వెళ్లి, సంచిలోంచి ఈత టోపీ తీసింది. సోమవారం తర్వాత ఇవాళే గుండె తేలికగా ఉంది. టోపీని తిరగేసి గట్టిగా పిండింది. లోపలి కుట్టు విడిపోయిన చోటు నుంచి ఏదో జారి గచ్చు మీద టింగుమంది.

ఎర్రరాయి పుడక.

రజిత చెయ్యి ముక్కు మీదికి పోయింది. అక్కడిది అక్కడే ఉంది.

కూనిరాగం ఆగింది. విజయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కింద పడ్డ పుడకను చూసింది, చేతిలోని టోపీని చూసింది, కోడలి ముక్కును చూసింది. చూసి చూసి కొంగు దించింది. ఆమె ముక్కు బోసిగా ఉంది.

లోపలున్న కొడుక్కి వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"ఐదడుగుల కాడనే ఉండెనా బిడ్డా?"