గోడలో తలుపు

"నీ మొహంలో భయం కనపడట్లేదమ్మా. ఇంకొక్క టేక్ చూస్తా. ఈసారీ రాకపోతే వేరే అమ్మాయిని పిలిపించుకుంటా," అన్నాడు డైరెక్టర్ భరద్వాజ్.

సుచరితకు ఇదే మొదటి సినిమా. పాడుబడ్డ నవాబుల దేవిడీలో ఒంటరిగా చిక్కుకుని హడలిపోయే అమ్మాయి వేషం. దబీర్‌పురాలో ఈ పాత భవంతి దొరికిందని భరద్వాజ్ మురిసిపోయాడు. రోజూ సాయంత్రం యూనిట్ అంతా లాడ్జికి వెళ్ళినా, కథ ఒంటబట్టాలంటూ తనొక్కడే ఇక్కడ పడుకుంటున్నాడు.

"ఒంటరితనం అంటే చీకటి కాదు సుచరితా. పిలిస్తే పలికేవాళ్ళు లేకపోవడం. అది తల్చుకో."

తల్చుకుంది. హాస్టల్లో ముగ్గురితో ఒకే గదిలో సర్దుకునే పిల్లకి ఎంత తల్చుకుంటే మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? కళ్ళు పెద్దవి చేసి, ఓపిక ఉన్నంతవరకూ వణికింది.

అంతలో గోడకున్న అలమారా కిర్రుమంటూ దానంతటదే తెరుచుకుంది. అందరికంటే ముందు కెమెరామన్ అరిచాడు.

అందులోంచి వంగి బయటికొచ్చింది పక్కింటి షౌకత్ బీ. చేతిలో కిచిడీ గిన్నె, నెత్తిమీద ఆర్ట్ వాళ్ళు సెట్ కోసం అంటించిన దొంగ బూజు. అది అలమారా కాదట. పరదా పాటించే ఆడవాళ్ళు వీధిలోకి రాకుండా ఇంటినుంచి ఇంటికి తిరగడానికి పూర్వం పెట్టుకున్న తలుపట.

భరద్వాజ్‌కి ఒళ్ళు మండింది. టేక్ పోయింది. వేరే అమ్మాయికి చెయ్యడానికి ఫోన్ తీశాడు. సుచరిత తల దించుకుంది.

"మీరొచ్చిన సంది రాత్రిపూట ఈ ఇంట్ల ఎవరో ఏడుస్తున్రు బేటా," అంది షౌకత్ బీ. "పక్కింట్ల ఏడుపు ఇనుకుంట మా గొంతుల ముద్దెట్ల దిగుతది?"

భరద్వాజ్ సుచరిత వైపు ఉరిమి చూశాడు. షాట్‌లో రాని ఏడుపు చాటుగా వస్తోందా అని అడిగాడు. సాయంత్రమైతే తను ఇక్కడ ఉండనే ఉండనని ఆ పిల్ల గొణిగింది.

షౌకత్ బీ అతని చేతిలోంచి ఫోన్ తీసి పక్కన పెట్టి, ఆ చేతిలోనే కిచిడీ గిన్నె పెట్టింది.

"ఆ బిడ్డనెందుకంటవ్ బేటా? వీళ్ళంత పోయినంక ఏడ్చేది నువ్వే గదా."