తారు కింద

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో కల్యాణమంటపం ముందున్న పార్కింగులో పాత తారు పెళ్లగిస్తున్నాడు చౌడప్ప. చీకటి పడింది.

"చాలించప్పా, ఇంగ రేపు చూసుకుందాం," లారీ ఎక్కుతూ అన్నాడు తోటి కూలీ హేమంత్.

"నువ్వు పో. ఈ నేల నాకు కొత్తా? మా నాయన దీని అడుగునే పనిచేసినాడు."

లారీ వెళ్లిపోయింది. నేల గుల్లగా ఉందేమోనని చౌడప్ప గడ్డపారతో తట్టి చూశాడు.

కింది నుంచి ఎవరో తిరిగి తట్టారు.

గనిలో బండ కూలితే, చిక్కుకున్నవాళ్లు అలాగే తట్టేవాళ్లు. విన్నవాడు బదులు తట్టాలి. వస్తున్నామని మాట ఇచ్చినట్టు. నాయన చిన్నప్పుడే నేర్పాడు. చౌడప్ప ఆలోచించకుండా గట్టిగా తట్టాడు.

గని మూతపడి ఏళ్లయిందని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత ఇంకా పెళ్లగించని తారు కింద, ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఒక్కొక్కరే తట్టడం మొదలుపెట్టారు.