మాస్టారి బెల్లు

"ఐ ది డోర్ క్లోజ్డ్ హ్యావ్."

మాస్టారు బల్లమీది బెల్లు టింగుమనిపించారు. బెల్లు మోగిందంటే తప్పని అర్థం. ఫ్యాను ఆపాలన్నా, మంచినీళ్లు కావాలన్నా కూడా అదే బెల్లు. ఒకప్పుడు ఆయన గొంతు వినిపిస్తే చివరి బెంచీ కూడా నిటారుగా కూర్చునేదట. బడి మానేశాక మాటల్లో మహా పిసినారి అయిపోయారు.

"హ్యావ్," అన్నారు. కాసేపాగి, "ముందు," అన్నారు.

"క్షమించండి మాస్టారూ. సోమవారం షోరూంలో ఇంటర్వ్యూ. ఈ హ్యావ్ ఒక్కటే నా కొంప ముంచేలా ఉంది," అంది ఎదురుగా కూర్చున్నావిడ. కొంప మునిగే మనిషి మొహంలో ఉండాల్సిన బెరుకు ఆవిడలో మచ్చుకైనా లేదు.

ఆవిణ్ని తీసుకొచ్చింది మాస్టారి కూతురే. "నాన్నకి కోపమెక్కువ. ఇదివరకు వచ్చిన ఇద్దరినీ గుమ్మంలోంచే తరిమేశారు," అని ముందే హెచ్చరించింది. మాటల్లో మాటగా ఇంకో సంగతీ చెప్పింది. కొట్టు బోర్డుమీద అక్షరం తప్పు కనిపిస్తే చాలు, మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీసి దిద్దిగానీ కదిలేవారు కాదట. తప్పు చూసి ఊరుకోవడం ఆయన ఒంట్లోనే లేదట.

"అయితే నన్ను తరమలేరులెండి," అంది ఆవిడ ధీమాగా.

ఇప్పుడు కూతురు వంటింటి తలుపు చాటున చెవులు రిక్కించి నిలబడింది. పొయ్యిమీద పాల సంగతి ఆమెకు పట్టలేదు.

మాస్టారు చెప్పి లాభం లేదనుకున్నారేమో, కుడిచెయ్యి శాలువాలోంచి తీయకుండానే, ఎడమచేత్తో బల్లమీద పాఠం పరిచారు. మొదట కళ్లద్దాలు, అది 'ఐ'. పక్కన బెల్లు, అది 'హ్యావ్'. తర్వాత గ్లాసు, 'క్లోజ్డ్'. చివర పుస్తకం, 'ది డోర్'. వరసంతా వేలితో తట్టి, ఇక కానియ్ అన్నట్టు చూశారు.

ఆవిడ అన్నీ కలిపేసి మళ్లీ పేర్చింది. కళ్లద్దాలు, పుస్తకం, గ్లాసు. బెల్లు మాత్రం బల్ల ఇవతలి చివర, తన మోచేతి పక్కన పెట్టుకుంది.

"ఐ మై కీస్ లాస్ట్ హ్యావ్. తాళాలు పోయాయండి. సరిపోయిందా?"

మాస్టారు బెల్లు కోసం చెయ్యి చాచారు. అందలేదు.

"తప్పు."

"ఎక్కడండీ తప్పు? పోయాయిగా! నిన్నో మొన్నో ఎప్పుడో పోయాయి. మధ్యలో ఈ హ్యావ్ గోలెందుకు?"

మాస్టారి మెడ నరాలు ఉబ్బాయి. "పోయాయి," అన్నారు. "ఇంకా... దొరకలేదు. అదీ... హ్యావ్."

"ఓహో! ఇంకా వెతుకుతూనే ఉన్నామన్నమాట."

"ఆఁ."

"దొరికాయండీ! ఐ మై కీస్ ఫౌండ్ హ్యావ్!"

మాస్టారు ఎడమచేత్తో చరిచిన చరుపుకి బల్ల దద్దరిల్లింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు! ఐ హ్యావ్ ఫౌండ్ మై కీస్! మనిషి వెనకాలే హ్యావ్! ఆ తలకాయ ఎక్కడ పెట్టుకుని వింటున్నావ్?"

వంటింట్లో పళ్లెం జారి పడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కూతురు పరుగున వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. బల్ల దగ్గర ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

మాస్టారు నొచ్చుకున్నారు. మరీ అరిచేశాననిపించి, ఏం చెయ్యాలో తోచక బల్లమీది కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు.

"ఏడవకు అమ్మాయ్," అన్నారు మెల్లగా. "నీకూ... వస్తుంది. రేపు మళ్లీ రా."

"రాకుండా ఎలా ఉంటానండీ? ఈ బెల్లు మాత్రం పట్టుకెళతాను మాస్టారూ. ఇంట్లో హ్యావ్ ఎక్కడ పెట్టాలో సాధన చెయ్యాలిగా!"

మాస్టారు బెల్లు వంకా, ఆవిడ వంకా చూసి, సరేనన్నట్టు తలూపారు. తర్వాత ఏమనుకున్నారో, "పట్టుకెళ్లు," అని పైకే అన్నారు.

ఆవిడ బెల్లు సంచిలో వేసుకుని బయటికి నడిచింది. కూతురు గేటు దాకా వెంట వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఆవిడ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"పక్షవాతం వచ్చాక నాన్న ఇన్ని మాటలు ఒక్క గుక్కలో అనడం ఇదే మొదలు. రేపు ఏ తప్పులు తెస్తారు, డాక్టరుగారూ?"