పాఠంలో ఉదాహరణ

ఆమె అత్తగారి వీపు తుడుస్తుంటే, హాల్లో భర్త చెబుతున్న ట్యూషన్ పాఠం చెవిన పడింది.

"ఒకాయన మంచాన పడ్డ వాళ్లమ్మ కోసం నర్సుని పెట్టుకున్నాడు. ఆ జీతం దేశం జీడీపీలో కలుస్తుంది. తర్వాత ఆ నర్సునే పెళ్లి చేసుకున్నాడు. పని అదే, చేసేదీ ఆవిడే. జీతం లేదుగా, జీడీపీ తగ్గిపోయింది!"

పిల్లలు గొల్లుమన్నారు. ఆమెకూ నవ్వొచ్చింది. చిలిపి మనిషి, మా కథే చెప్పేస్తున్నారు అనుకుంది.

"మరి ఆయన ఎందుకు చేసుకున్నాడు సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఆవిడకి పెద్దాస్పత్రిలో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోతానంది. ఆపడానికి అంతకంటే చవకైన దారేముందమ్మా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. తను వెళ్తానన్న రోజు ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నువ్వు లేకపోతే నేను బతకలేనన్నాడు.

అత్తగారు గోడవైపే చూస్తూ గొణిగింది. "అప్పుడు నాతోనూ ఈ చవక దారి మాటే అన్నాడే అమ్మా. నువ్వెళ్లిపోతే నా గతేంటని నోరు మూసుకున్నాను."

ఆమె అత్తగారిని జాగ్రత్తగా ఎడమ పక్కకు తిప్పి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చింది.

"సార్," అంది.

"చెప్పమ్మా," అన్నాడాయన, పిల్లల్లో ఎవరో అనుకుని, తలెత్తకుండానే.

"పెద్దమ్మగారిని ఎడమ పక్కకి తిప్పాను సార్. మళ్లీ తిప్పడానికి ఇంకో మనిషిని చూసుకోండి."